రంపం పాట

కోత మిషన్ వెనక ఇల్లు
సోమవారం

అక్కగారికి నమస్కారం.

నేనెవరో మీకు తెలియదు. మీరు వదిలి వెళ్ళిన ఇంట్లో పదకొండు నెలలుగా ఉంటున్నాను. మీ పాపను చూసుకునేది నేనే. అక్కగారూ అనవచ్చో లేదో తెలియలేదు, ఇంకేమని పిలవాలో కూడా తెలియలేదు. మీ అడ్రసు విడాకుల కాగితాల్లో దొరికింది. ఫోన్ చేయమని ఆయన అన్నారు కానీ కొత్తవాళ్ళతో ఫోన్లో నాకు గొంతు రాదు. ఆరో తరగతితో బడి మానేశాను. నెమ్మదిగానైతే రాయగలను.

విషయం ఇది. పాపను హోమ్‌లో చేర్చాలని ఆయనా అత్తయ్యగారూ అనుకుంటున్నారు. ఇలాంటి పిల్లలను ఉంచే చోటు. ఇక్కడికి చాలా దూరం. గేటుకు తాళం ఉంటుంది, లోపల ఆయాలు ఉంటారు, నెలకోసారి వెళ్ళి చూడవచ్చట. చేర్చాక పెద్దయ్యేదాకా ఇంటికి పంపరట. తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆయన పెట్టేశారు. మీది కావాలి.

పోయిన బుధవారం పాప అత్తయ్యగారి చెవికమ్మ పట్టుకుని లాగింది. చెవి తమ్మె రెండుగా చీలి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ రక్తం చూసి పాప పకపకా నవ్వింది. అత్తయ్యగారు చెవి మూసుకుని, ఇది పిల్ల కాదు, దీన్ని ఇంట్లో పెట్టుకుంటే ఒకరోజు ఎవరి ప్రాణమో తీస్తుంది అన్నారు. నేను తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మీరు కంగారు పడకండి. పాప బాగుంది. ఎనిమిదేళ్ళు నిండాయి. మాట ఇంకా రాలేదు. రెండు చేతులూ పైకెత్తి, కాలువ దాటుతున్నట్టు నడుస్తుంది. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. వీధిలో అందరూ కిలకిల అనే పిలుస్తారు. ఆయనకు దాని మీద ప్రేమ లేక కాదు. పేచీ పెడితే చేతిలో పని ఆపి మిషన్ దగ్గరికి తీసుకువెళ్తారు, దాని కోసమే ఒక పనికిరాని చెక్క కోస్తారు. కిలకిలకు పాట పెట్టండి అంటారు పనివాళ్ళు. చెక్క రంపానికి తగలగానే పెద్ద కేక లేస్తుంది కదా, అప్పుడు పాప ఊగిపోయి నవ్వుతుంది. ఆ కాసేపు ఆయన ముఖం కూడా వెలుగుతుంది.

సంతకం పెడతానని ఒక్క ముక్క రాస్తే కాగితం పంపుతాను.

ఇట్లు,
కిలకిల ఇంట్లో ఆవిడ


ఆసుపత్రి లాండ్రీ, ఇస్త్రీ గది
శనివారం

నా చోట్లో ఉన్న ఆవిడకి,

పాప బాగుంది అని రాశావు. ఆ ఇంట్లో బాగుండటం అంటే ఏమిటో నాకు తెలుసు. నీ జుట్టు ఎంత మిగిలింది, అది రాయలేదే? నా నెత్తిన అరచేయంత చోట ఇప్పటికీ వెంట్రుక మొలవదు. ఇక్కడ టోపీ పెట్టుకుని పని చేయాలి కాబట్టి బతికిపోయాను.

నన్ను మీరు అనకు. ముసలిదాన్ని చేస్తున్నావు.

దానికి రెండేళ్ళప్పుడు పెద్ద డాక్టరు రక్తం పరీక్ష చేయించాడు. జబ్బు పేరు పలకాలంటే రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. తల్లి వైపు నుంచి రావలసిన చిన్న ముక్క ఒకటి కడుపులోనే తప్పిపోయిందట. వేలల్లో ఒకరికి ఇలా జరుగుతుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు అని కూడా చెప్పాడు. మీ అత్తగారికి మొదటి సగమే వినబడింది. ఇక అక్కడి నుంచి ఆ ఇంట్లో పాలు విరిగినా నా వైపు నుంచే.

ఆ డాక్టరే ఇంకో మాట అన్నాడు. ఇలాంటి పిల్లలు ఎప్పుడూ సంతోషంగా ఉంటారు, అదొక్కటే మీ అదృష్టం అని. ఆ మాట పట్టుకుని నాలుగేళ్ళు ఈదాను. రంపం పాట కనిపెట్టింది మీ ఆయన కాదు, నేను. ఒకరోజు చంకలో వేసుకుని మిషన్ పక్కగా వెళ్తుంటే విరగబడి నవ్వింది. దీనికి నచ్చేది దొరికిందిరా దేవుడా అని ఏడ్చేశాను. అప్పటి నుంచి రోజుకు రెండు మూడుసార్లు నేనే ఎత్తుకెళ్ళి నిలబెట్టేదాన్ని.

అంత సంతోషంగా ఉన్న పిల్ల, మళ్ళీ అయిదు నిమిషాలకు నా చేయి కండ పట్టుకుని కొరికేది. నవ్వుతూ. ఏడుస్తూ కొట్టే పిల్లను ఎవరైనా క్షమిస్తారు. నవ్వుతూ కొట్టేదాన్ని ఏం చేయాలో నువ్వు చెప్పు. దాని ఆరో ఏట వచ్చేశాను. లోకం ఏమనుకున్నా సరే అనుకున్నాను.

కాగితం పంపు. పెడతాను.

దాని ఎడమ చేయి మోచేతి దగ్గర పూర్తిగా సాగదు. అయిదేళ్ళప్పుడు మంచం మీంచి పడింది. ఆ చేయి పట్టి లాగకు.

నేను


కోత మిషన్ వెనక ఇల్లు
ఆదివారం

అక్కగారికి,

కాగితం దీనితో పంపుతున్నాను. మీరు అనవద్దన్నారు. నోరు తిరగడం లేదు, ఇంకొన్నాళ్ళు పడుతుంది.

జుట్టు సంగతి అడిగారు. కుడివైపు చెవి మీద పోయింది. ఒకసారి చర్మంతో సహా వచ్చింది. పాత తువ్వాలు చుట్టుకుని పని చేసుకుంటున్నాను.

పోయిన వారం గురువారం ఆయన పాట పెట్టారు. పాప బాగా నవ్వింది. వంటింట్లోకి తెచ్చి కూర్చోబెట్టగానే నా జుట్టు రెండు చేతులా పట్టేసింది. వదిలించుకోలేక కింద పడ్డాను, గిన్నె పడి పాలన్నీ ఒలికిపోయాయి. చప్పుడుకు ఆయన వచ్చారు. చేతిలో మిషన్ పాత బెల్టు ఉంది. దాంతో పాపను కొట్టారు. పాప నవ్వింది. నవ్వకు అన్నారు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ నవ్వింది. ఆయన ఏడుస్తూ, నవ్వకే, నవ్వకే అంటూ కొడుతూనే ఉన్నారు. నేను దాని మీద పడుకున్నాను. మిగతావి నాకు తగిలాయి.

అప్పుడు ఒకటి జరిగింది అక్కగారూ. రాయాలంటే సిగ్గుగా ఉంది. దెబ్బలు పడుతుంటే నేనూ నవ్వుతున్నాను.

నాకు చిన్నప్పటి నుంచీ అంతే. భయమేస్తే పెదాలు వాటంతటవే సాగుతాయి. బడిలో పంతులు బెత్తం తీస్తే నవ్వేదాన్ని, రెండు దెబ్బలు ఎక్కువ పడేవి. బడి మానడానికి అదీ ఒక కారణం. ఈ ఇంటికి వచ్చిన వారంలో జాడీ పగలగొట్టాను. అత్తయ్యగారు అరుస్తుంటే నవ్వాను. చెంప మీద కొట్టి, ఎగతాళా అన్నారు. ఎగతాళి కాదు అని చెప్పడానికి కూడా నోరు రాలేదు.

గురువారం నా కింద పాప గుండె చేతికి చిక్కిన పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది. అరచేతులు మంచుగడ్డలు, చెమటతో జారిపోతున్నాయి. గౌను తడిపేసుకుంది. పైన చూస్తే నవ్వు. ఇద్దరం నవ్వుతూ పడి ఉన్నాం. ఆయన మమ్మల్ని చూసి బెల్టు పారేసి వెళ్ళిపోయారు.

అప్పటి నుంచి పది రోజులుగా దాని చేయి పట్టుకుని చూస్తున్నాను. నీళ్ళ తొట్టిలో ఆడేటప్పుడు అరచేయి వెచ్చగా పొడిగా ఉంటుంది. ఆ నవ్వు వస్తుంది, పోతుంది. రంపం దగ్గర చల్లబడి తడిసిపోతుంది. ఆ నవ్వు ఆగదు. అత్తయ్యగారు దువ్వెన పట్టుకుని వచ్చినా అంతే. నేను కళ్ళకు కనబడకుండా పోయినా అంతే. జుట్టు పట్టుకోవడం కొట్టడం కాదేమో అనిపిస్తోంది. నీళ్ళలో మునిగేవాళ్ళు పక్కవాళ్ళను పట్టుకోరా, అలాగ.

మీరు ఎప్పుడైనా దాని చేయి పట్టుకుని చూశారా? కాగితం మాత్రం పంపాను.

మీ చెల్లెలు


ఇస్త్రీ గది
గురువారం

నోట్లో నాలుక లేని పిల్లవనుకున్నాను. కాగితం మీద బాగానే లేస్తోంది నీ నాలుక.

ఆరో తరగతి చదివి పెద్ద డాక్టరుకే పాఠం చెబుతున్నావా? పది రోజులు చేయి పట్టుకున్నావు. నేను ఆరేళ్ళు పట్టుకున్నాను. పట్టుకున్న ప్రతి చోటా నాకు గాట్లున్నాయి. కాలిన చోట కారం పెట్టడానికేనా అక్కా అక్కా అంటూ వచ్చావు?

నువ్వు రాసింది నిజమైతే నేనేమైనట్టు? దాన్ని చంకనెత్తుకుని, రోజుకు మూడుసార్లు, నాలుగేళ్ళపాటు, మిషన్ ముందు నిలబెట్టింది నేను. అది వణికిపోతుంటే ముద్దులు పెట్టుకుంది నేను. కాబట్టి నిజం కాదు.

నీ ఉత్తరాన్ని ఇస్త్రీ పెట్టె కింద అదిమి పట్టాను. నల్లగా మాడి పొగ లేచింది. పేషెంట్ల దుప్పటి తగలబడిందనుకుని పక్కవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. పెట్టె తీయబోయిన ఆవిడను తోసేశాను. గోడకు కొట్టుకుని ఆవిడ పెదవి పగిలింది. నీ ఉత్తరం చేసిన పని అది.

ఇదిగో సంతకం. ఇక నాకు రాయకు.


ఆసుపత్రి వరండా, మూడో బెంచీ
బుధవారం

అక్కా,

రాయవద్దన్నావు. నాకు ఇంకెవరున్నారు రాయడానికి?

ఆయన ఎడమ చేతికి రెండు వేళ్ళు పోయాయి. చూపుడు వేలు, నడిమి వేలు.

శనివారం ఉదయం అత్తయ్యగారు పాపకు తల దువ్వబోయారు. అది నవ్వుతూ గింజుకుంది. బయట నుంచి ఆయన విని, రావే తల్లీ, పాట పెడతాను అన్నారు. నేను గుమ్మం దాకా వెళ్ళి, వద్దండి, దానికి అది భయం అన్నాను. ఆయన నవ్వారు. భయం నీకు, దానికి కాదు, ఎలా నవ్వుతోందో చూడు అన్నారు. రెండోసారి చెప్పలేకపోయాను. రెండోసారి చెప్పి ఉంటే ఆ వేళ్ళు ఉండేవి.

పాప చేయి నా చేతిలో ఉంది. ఆయన చెక్క అందుకుని రంపానికి పెట్టారు. కేక లేచింది. పాప అరచేయి తడికి నా చేతిలోంచి జారిపోయింది. పరుగెత్తి వెనక నుంచి ఆయన మీదికి ఎక్కింది. రెండు చేతులా జుట్టు పట్టి లాగింది. తల వెనక్కి పోయింది, చేయి ముందుకు పోయింది. ఎర్రటి పొట్టు ఎగిరి నా ముఖం మీద పడింది. మిషన్ దగ్గర పనిచేసే చెవిటి మేస్త్రికి ఏమీ వినబడదు, కానీ అందరికంటే ముందు స్విచ్ కట్టేసింది అతనే. తర్వాత పొట్టులో వేళ్ళ కోసం వెతికారు. ఒకటి దొరికింది. అతకడం కుదరదన్నారు.

పాప నవ్వు ఆగలేదు. రక్తంలో నిలబడి నవ్వింది. అత్తయ్యగారు దాన్ని జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి చెక్కల గదిలో వేసి గొళ్ళెం పెట్టారు. లోపల తల బాదుకుని నుదురు చిట్లింది. నాలుగు గంటల తర్వాత మేస్త్రి వచ్చి గొళ్ళెం తీశాడు. నేను తీయలేదు అక్కా. గొళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు అది నా పక్కనే ఈ బెంచీ మీద నిద్రపోతోంది.

ఆయనకు తెలివి రాగానే అడిగిన మొదటి మాట, ఆమె కాగితం వచ్చిందా అని. రాలేదు అన్నాను. వచ్చింది. నా సంచీలో ఉంది. మొగుడితో అబద్ధం ఆడటం ఇదే మొదలు.

ఇంకొకటి. నుదుటి కుట్లు వేయించేటప్పుడు ఎముకల డాక్టరు దాని ఎడమ చేయి పట్టుకుని చూశాడు. పడితే ఇలా విరగదమ్మా, మెలితిప్పితే విరుగుతుంది, ఎవరు చేశారు అని అడిగాడు. నాకు నవ్వు వచ్చేసింది. ఆ డాక్టరు నన్ను ఎలా చూశాడో ఏం చెప్పను.

నిన్ను అడగడం లేదు. నాది చెబుతున్నాను. నేను వచ్చిన మూడో నెలలో, అది జుట్టు వదలకపోతే, దాని మణికట్టు కొరికాను. నోట్లోకి రక్తం వచ్చేదాకా. పళ్ళ గుర్తులు దానివేనని అందరితో చెప్పాను. తన చేయి తనే కొరుక్కుందన్నాను. అందరూ నమ్మారు.

కాగితం ఇవ్వమంటావా, ఆగమంటావా?

చెల్లెలు


లాండ్రీ వెనక మెట్లు
శుక్రవారం

చెల్లీ,

ఇవ్వకు.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టేశాను. రెండు బుట్టల దుప్పట్లు ఇస్త్రీ చేసి మళ్ళీ వచ్చాను.

మంచం మీంచి పడలేదు. ఆ రోజు మీ అత్తగారు పొద్దున్నుంచీ నా పుట్టింటి వంశం మొత్తాన్ని కడిగి ఆరేసింది. మధ్యాహ్నం నేను పిల్లను ఎత్తుకెళ్ళి పాట పెట్టించాను, దానికైనా సంతోషంగా ఉంటుందని. లోపలికి రాగానే నా చెంప పట్టుకుని కొరికింది. ఆ చేయి పట్టుకుని వెనక్కి తిప్పాను. నవ్వింది. నవ్వు ఆపితే వదిలేద్దామనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను, ఆపు, వదిలేస్తాను. ఆపలేదు. ఇంకొంచెం తిప్పాను. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. అప్పుడూ నవ్వుతూనే ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది. నేను కళ్ళు చూడలేదు చెల్లీ. నోరే చూశాను.

అందుకే వచ్చేశాను. ఇంకో రోజు ఉంటే మెడ విరిచేదాన్ని. కొరుకుళ్ళు భరించలేక వచ్చేశానని అందరికీ చెప్పుకున్నాను. నువ్వు కొరికానని ఒప్పుకున్నావు కాబట్టి నీకు చెబుతున్నాను. నీ ముఖం నాకు తెలియకపోవడం కూడా మంచిదే అయింది.

నువ్వు చెప్పింది అబద్ధం కావాలని ఇప్పటికీ ఉంది నాకు. ఆయనకు చెప్పావా? నమ్మాడా? ఆయన నమ్మితే నేనూ నమ్ముతాను. ఆయన నాకంటే మొండివాడు.

అక్క


కోత మిషన్ వెనక ఇల్లు
మంగళవారం

అక్కా,

నమ్మారు. ఎలా నమ్మారో చెబితే నువ్వు నన్ను తిడతావు.

ఆయన ఇంటికి వచ్చాక వారం రోజులు చెప్పాను. వినలేదు. నా వేళ్ళు తెగుతుంటే నవ్విన పిల్ల అని ఒకటే మాట. నీ కాగితం రాకపోతే కోర్టుకు వెళ్తానన్నారు. పిల్లల ఆసుపత్రిలో ఒక లేడీ డాక్టరు ఉంది, ఆమె దగ్గరికి వెళ్ళాను. మూడు బస్సులు మారి వెళ్ళాను, నోరు రాదేమోనని అంతా కాగితం మీద రాసుకుని పోయాను. ఆమె చదివి, ఈ పిల్లల్లో ఇది ఉంటుందమ్మా, భయం చాలా ఎక్కువ, నవ్వు దాన్ని కప్పేస్తుంది, అందుకే ఎవరికీ తెలియదు అంది. ఒక చీటీ మీద రాసి కూడా ఇచ్చింది. ఆయన చీటీ చూడలేదు.

ఇక ఒక్క దారే మిగిలింది. దాన్ని ఇంకొక్కసారి భయపెట్టడం.

మూడు రోజులు ఆలోచించాను. పంపేస్తే జీవితమంతా భయం. ఒక్కసారితో పోతుందేమో. చెవిటి మేస్త్రికి సైగ చేసి చెప్పాను. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆయనను పక్కన కూర్చోమన్నాను. ఆయన కుడి చేయి తీసి దాని గుండె మీద పెట్టి, తీయకండి అన్నాను. ఆయనతో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ముందు ఏమీ లేదు. పాప ఆయన కట్టు కేసి చూస్తోంది. అప్పుడు బయట రంపం కేక వేసింది.

పాప నవ్వింది. ఆయన చేయి తీయబోయారు. నేను పట్టి ఉంచాను. కాసేపటికి ఆయన ముఖం మారిపోయింది. ఆపండి అన్నారు. మేస్త్రికి వినబడదు కదా. ఆపండి, ఆపండి అని అరుస్తూ బయటికి పరుగెత్తారు.

తర్వాత ఇంటి ముందు గోడకేసి ఆ కట్టు కట్టిన చేతిని కొట్టుకున్నారు. కుట్లు తెగి గోడంతా రక్తమైంది. ఇద్దరు పట్టుకుంటే గానీ ఆగలేదు. ఎన్ని వేలసార్లు, ఎన్ని వేలసార్లు అంటున్నారు. అత్తయ్యగారు ఏమీ అర్థంకాక నన్ను తిట్టారు. ఈసారి నవ్వు రాలేదు. చీటీ చదివి వినిపించాను. నాకు కుట్లు పడిన మాటేమిటి మరి అన్నారు. అదీ నిజమే.

మిషన్‌ను వేరే షెడ్డుకు మార్చారు. కాగితాన్ని ఆయన ముందే చింపేశాను. సంచీలో దాచినందుకు ఒక్క మాట కూడా అనలేదు.

ఇదంతా చదివి పాప మారిపోయిందనుకోకు. నిన్న కూడా నా మెడ గీరింది. ఆ రోజు తర్వాత నాలుగు రోజులు నా దగ్గరికి రాలేదు, నా ఒళ్ళో కూర్చున్నందుకే కదా అది జరిగింది. దానికి నేను బాకీ ఉన్నాను. ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు అక్కడ కనబడేవాటి బొమ్మ చూపించమంది డాక్టరు, భయం తగ్గుతుందట. బొమ్మలు గీస్తున్నాను. నా గుర్రం కుక్కలా ఉంటుంది, అయినా చూస్తుంది. దువ్వెన మానేసి జుట్టు పొట్టిగా కత్తిరించాను. నాదీ కత్తిరించుకున్నాను, పట్టుకోవడానికి ఏమీ లేకుండా. మగరాయుడిలా ఉన్నావన్నారు అత్తయ్యగారు.

చెల్లెలు


ఇస్త్రీ గది
సోమవారం

చెల్లీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు లేచి లాండ్రీ పక్కన నేనుండే గది కడిగాను. కిటికీకి అడ్డకమ్మీలు వేయించాను. మూలలకు దుప్పటి ముక్కలు కుట్టాను, తల బాదుకున్నా తగలకుండా. నీళ్ళ తొట్టి కొన్నాను. ఇక్కడ చప్పుడు లేదు, ఆవిరి బుసబుస తప్ప.

ఇప్పుడు నాకు తెలిసింది కదా. తెలిసిన తల్లి దగ్గర పిల్ల ఉండకూడదా? నువ్వు చిన్నదానివి, రేపు నీకూ కడుపు పండుతుంది. నీ పిల్లను ఒళ్ళో పెట్టుకుని దీన్ని ఎలా చూస్తావు? నేను దానికి చేసింది నేనే తీర్చుకోవాలి. ఆదివారం వస్తున్నాను. ఆ రోజు చూసి వెళ్తాను, వచ్చే నెల తీసుకెళ్తాను. ఆయనతో నువ్వే చెప్పు, నా మాట కంటే నీ మాట వింటున్నాడు.

దానికి ఏ రంగు ఇష్టం?

అక్క


కోత మిషన్ వెనక ఇల్లు
ఆదివారం సాయంత్రం

అక్కా,

నువ్వు బస్సెక్కి గంటయింది. ఇంకా ఇల్లు చేరి ఉండవు. ఎదురుగా చెప్పలేకపోయాను. అందరూ ఉన్నారు, నువ్వు ఏడుస్తున్నావు, నా పెదాలు సాగిపోయి ఉన్నాయి. నేనూ సంతోషంగా ఉన్నాననుకున్నావు నువ్వు.

నువ్వు గుమ్మంలో అడుగుపెట్టగానే పాప నవ్వింది. ఎంత గట్టిగా నవ్విందంటే వీధిలోవాళ్ళు కూడా తొంగి చూశారు. చేతులెత్తి నీ దగ్గరికి వచ్చి నీ జుట్టు పట్టుకుంది. నువ్వు మోకాళ్ళ మీద కూలబడి, రెండేళ్ళయినా మరిచిపోలేదు, గుర్తుపట్టింది, నా తల్లి నన్ను గుర్తుపట్టింది అన్నావు. అత్తయ్యగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

గుర్తుపట్టింది అక్కా. అది నిజం. అందుకే నవ్వింది.

నువ్వు దాన్ని హత్తుకున్నప్పుడు నేను వెనక నిలబడి వీపు మీద చేయి వేశాను. గౌను పిండితే నీళ్ళు వచ్చేలా ఉంది. నువ్వు వెళ్ళాక మంచం కిందికి దూరింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఎడమ చేయి పొట్టకు అదుముకుని, కుడి చేత్తో పట్టుకుని పడుకుంది. నవ్వు ఇప్పుడే ఆగింది. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

ఆయన పంపుదామంటున్నారు. తల్లి కదా, మారింది కదా అంటున్నారు. నేను ఒప్పుకోలేదు. నువ్వు మారావు, నాకు తెలుసు. నీ గది కూడా బాగుంటుంది. కానీ నువ్వు మారినట్టు దానికి తెలియదు. అది చదువుకోలేదు కదా నీ ఉత్తరాలు.

నా మీద కోపం వస్తుంది. ఈ ఉత్తరం కూడా మాడ్చు, పరవాలేదు. కానీ నన్ను తిట్టడం అయిపోయాక మళ్ళీ రా. రావద్దని అనడం లేదు. వచ్చే ముందు నీ ఫోటో పంపు, వారం రోజులు దానికి చూపిస్తాను. వచ్చాక లోపలికి రాకు. అరుగు చివర కూర్చో. చేతులు ఒళ్ళో పెట్టుకో. పేరు పెట్టి పిలవకు, బొమ్మలు చూపించకు, ఏడవకు. గంట కూర్చుని వెళ్ళిపో. మళ్ళీ నెల అలాగే రా. ఎన్ని నెలలో నాకు తెలియదు, డాక్టరుకూ తెలియదట.

నేను గుమ్మంలో దాని చేయి పట్టుకుని నిలబడతాను. నిన్ను చూసి అది నవ్వని రోజు, లోపలికి రా.

చెల్లెలు